నూరేళ్ళ వరద, ముప్ఫై ఏళ్ళ అప్పు

ఇల్లు కొనేటప్పుడు ప్రవాసాంధ్ర కుటుంబాలు వాస్తు చూస్తాయి, పిల్లల బడి చూస్తాయి, వడ్డీ రేటు చూస్తాయి. పెనువాన కురిస్తే ఆ వీధిలో నీరు ఎంత ఎత్తుకు చేరుతుందో విచారించేవారు తక్కువ.

అమెరికాలో ప్రభుత్వం ప్రచురించే వరద పటాలకు ‘నూరేళ్ళ వరద’ అనే భావన ఆధారం. ఇది నూరేళ్ళకొకసారి వచ్చే వరద అని అర్థం కాదు. ఏ సంవత్సరంలోనైనా అంతటి వరద రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్నదని అర్థం. నిరుడు వచ్చినంత మాత్రాన ఈ ఏడు రాకపోదు. ఇంటి అప్పు సాధారణంగా 30 ఏళ్ళు. వరద రాని అవకాశమైన 0.99ను 30 మార్లు హెచ్చవేస్తే సుమారు 0.74 వస్తుంది. అనగా, అప్పు తీరేలోగా ఒకసారైనా వరద వచ్చే అవకాశం నూటికి 26.

ఆ ఒక పాలు కూడా స్థిరమైనది కాదు. ఉష్ణోగ్రత ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. కనుక కుంభవృష్టి మరింత తీవ్రమవుతుంది. పటాలు గీసేది గడచిన వానల లెక్కలతో. ఇల్లు కొనేది రాబోయే కాలానికి.

హ్యూస్టన్ నగరం ఇందుకు నిదర్శనం. అక్కడ ఒక్క రోజులో కురిసే నూరేళ్ళ వాన 13 అంగుళాలని పూర్వం అంచనా. కొత్త లెక్కలు చేర్చి 2018లో దానిని 18 అంగుళాలకు సవరించారు. పాత నూరేళ్ళ వాన ఇప్పుడు పాతికేళ్ళ వాన అయింది. 30 ఏళ్ళలో అది ఒకసారైనా కురిసే అవకాశం నూటికి 70. అంతకు ముందే, 2017 ఆగస్టులో, హార్వీ తుపాను వల్ల హారిస్ కౌంటీలో సుమారు 1,54,000 ఇళ్ళలోకి నీరు చేరింది. వాటిలో నూటికి 68 ఇళ్ళు నూరేళ్ళ వరద హద్దుకు వెలుపల ఉన్నవే.

కాబట్టి పటంలో హద్దు చూసి తృప్తిపడరాదు. ఇంటి నేల ఎత్తును వరద మట్టంతో పోల్చి చూడాలి. లోగడ నీరు వచ్చిందేమో అమ్మేవారిని లిఖితపూర్వకంగా అడగాలి. టెక్సస్‌లో 2019 నుంచి ఈ వివరాలు తెలపడం చట్టరీత్యా తప్పనిసరి.

మామూలు గృహబీమా వరద నష్టాన్ని భరించదు. 1968లో ఏర్పడిన జాతీయ వరద బీమా పథకం నివాస గృహానికి 2,50,000 డాలర్ల వరకు, సామానుకు 1,00,000 డాలర్ల వరకు పరిహారమిస్తుంది. అయితే అది సాధారణంగా 30 రోజుల తరువాతనే అమలులోకి వస్తుంది. తుపాను వార్త విన్నాక కట్టిన బీమా ఆ తుపానుకు అక్కరకు రాదు.