పరాయి దేశంలో పిల్లవాడికి జబ్బు చేస్తే

ఆషాఢం వచ్చేసరికి మా వీధిలో అమెరికా ప్రయాణాల సందడి మొదలవుతుంది. ఆవకాయ సీసాలు, కందిపొడి పొట్లాలు, ప్రెషర్ కుక్కరు, రెండు జతల కళ్ళజోళ్ళు - ఏదీ మరిచిపోరు. బీమా కాగితం ఒక్కటే చిట్టచివర జ్ఞాపకం వస్తుంది. నేను చాలాకాలం బీమా కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరయినవాణ్ణి కనక, ఆ కాగితాలు పట్టుకుని తండ్రులు మా అరుగు మీదికి వస్తారు. "బాబాయిగారూ, వీటిలో ఏది చవక?" అన్నదే అందరూ అడిగే ప్రశ్న.

చవకదేదో చెప్పడానికి నేనెందుకు? అంకె చూస్తే చంటిపిల్లలకైనా తెలుస్తుంది. తెలియనిదంతా వెనకపేజీల చిన్న అక్షరాలలో వుంటుంది.

ఎఫ్-1 వీసా మీద చదువుకు వెళ్ళేవారికి బీమా వుండి తీరాలని అమెరికా ప్రభుత్వ నిబంధన ఏదీ లేదు. జె-1 వీసా వారికి వుంది: ఒక్కో జబ్బుకు కనీసం 1,00,000 డాలర్ల రక్షణ వుండాలి. ఎఫ్-1 వారి విషయంలో పట్టుబట్టేవి విశ్వవిద్యాలయాలు. చాలాచోట్ల తమ పాలసీని ఫీజుతోపాటే బిల్లులో వేసేస్తాయి. కొన్ని, దానికి తీసిపోని పాలసీ బయట కొన్నట్టు రుజువు చూపిస్తే తమది తీసేస్తాయి. అందుకు పెట్టిన గడువు దాటితే మాత్రం డబ్బు కట్టవలసిందే. కొన్ని అసలే ఒప్పుకోవు. కనక యిక్కడ ఏదైనా కొనకముందే ఆ కాలేజీకి ఒక వుత్తరం - యిప్పుడు ఈమెయిలు లెండి - రాసి కనుక్కోవడం మంచిది.

ధరలో అంత తేడా ఎందుకంటారా? విశ్వవిద్యాలయాల పాలసీలు చాలావరకు అక్కడి 2010 నాటి వైద్యరక్షణ చట్టానికి లోబడి వుంటాయి. పాతజబ్బు అనే సాకుతో డబ్బు ఎగవెయ్యడానికి వీల్లేదు. బయట అమ్మే చవకరకం ప్రయాణ పాలసీలకు ఆ కట్టుబాటు లేదు. చిన్నప్పటినుంచీ వుబ్బసం వున్న కుర్రవాడికి, వుబ్బసం వరకు ఆ పాలసీ చిత్తుకాగితమే కావచ్చు. పెళ్ళిసంబంధాలలోలాగ జబ్బు దాచి లాభం లేదు. డబ్బు యిచ్చేముందు కంపెనీవాళ్ళు పాత మందుచీటీలు అడగగలరు.

యిక లెక్క చూద్దాం. ఆసుపత్రి బిల్లు 10,000 డాలర్లనుకోండి. పాలసీలో "డిడక్టిబుల్ 500" అని వుంటే మొదటి 500 మనమే పెట్టుకోవాలి. మిగిలిన 9,500లో కంపెనీ నూటికి 80, మనం నూటికి 20 అని వుంటే మన వాటా 1,900. వెరసి 2,400 డాలర్లు. అదీ, కంపెనీ జాబితాలో - నెట్‌వర్కు అంటారు - వున్న ఆసుపత్రి అయితే. జాబితాలో లేని డాక్టరు దగ్గరికి వెళితే మామూలుగా మన వాటా పెరుగుతుంది. మంచి పాలసీలలో, ఏడాది మొత్తానికి మన జేబులోంచి పోయేది యింతకు మించకూడదని ఒక హద్దు రాసి వుంటుంది. నన్నడిగితే, ప్రీమియం కంటే ముందు చూడవలసిన అంకె అది.

మా చెల్లెలి కొడుక్కి పాలసీ మంచిదే వుంది. అయినా కిందటేడు అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే వాడు ఆసుపత్రికి వెళ్ళలేదు. తల్లికి ఫోను చేశాడు. ఆవిడ యిక్కణ్ణుంచి వాము నమలమంది. అక్కడ తెల్లవారుజామున, మనకు మధ్యాహ్నం, నాకు చేశాడు. "బిల్లెంత వేస్తారు మామయ్యా?" అన్నాడు మూలుగుతూ.

"బిల్లు సంగతి తరవాత. నొప్పి ఎక్కడరా?"

"ముందు బొడ్డు దగ్గర వుండేది. యిప్పుడు కుడివైపు కిందికి దిగింది."

నేను డాక్టర్ని కాను గాని, ఆ మాట వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. గదిలో వాణ్ణి లేపి ఎమర్జెన్సీకి వెళ్ళమన్నాను. అపెండిసైటిస్. వెంటనే ఆపరేషను చేశారు. యింకొంచెం ఆలస్యమయితే పగిలివుండేదని అక్కడి డాక్టరు అన్నాడట. ఆ రాత్రి వాణ్ణి ఆపింది బీమా లేకపోవడం కాదు, తన పాలసీలో ఏముందో తెలియకపోవడం.

డబ్బుకు జడిసి ఆగిపోయే పిల్లలకు ఒక చట్టం తెలియాలి. 1986లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, ఎమర్జెన్సీ విభాగం వున్న దాదాపు ప్రతి ఆసుపత్రీ, వచ్చినవాడికి డబ్బుందా బీమా వుందా అని చూడకుండా ముందు పరీక్షించి, ప్రాణాపాయం తప్పించి తీరాలి. బిల్లు తరవాత వస్తుంది, రాకమానదు. కాని లాభాపేక్ష లేని ఆసుపత్రులు చెల్లించలేనివారికోసం ఒక సహాయ పథకం వుంచాలని కూడా చట్టం వుంది. వైద్యం అయ్యాక మొదటి బిల్లు వచ్చిన 240 రోజులలోపల దరఖాస్తు పెట్టుకోవచ్చు. మావాడు పెట్టాడు, వాడి వాటాలో కొంత తగ్గించారు.

జ్వరానికీ దగ్గుకూ ఎమర్జెన్సీకి పరుగెత్తడం దండగ. చాలా కాలేజీలలో సొంత వైద్యశాల వుంటుంది. దాని రుసుము తరచు ఫీజులోనే కలిసివుంటుంది కనక, అక్కడ డాక్టరు చూసినందుకు స్వల్పంగానే పుచ్చుకుంటారు, కొన్నిచోట్ల అదీ లేదు. దిగులుతో నిద్రపట్టని పిల్లలతో మాట్లాడేవారు కూడా చాలా కాలేజీలలో వుంటారు. "మావాడికి పిచ్చా ఏమిటి?" అని తల్లిదండ్రులు మండిపడకూడదు. పరాయివూళ్ళో ఒంటరిగదిలో మంచుకాలం గడిపినవాడికే తెలుస్తుంది. బతుకు మీద విరక్తి పుట్టినవారికోసం 2022 జులై నుంచి 988 అనే నంబరు దేశమంతటా పనిచేస్తోంది. రాత్రయినా పగలయినా పలుకుతారు.

తల్లిదండ్రులకు మింగుడుపడని సంగతి మరొకటి. పద్దెనిమిదేళ్ళు నిండినవారి రోగం వివరాలు, వారి అనుమతి లేకుండా మామూలుగా కన్నవారికైనా చెప్పరు. యిక్కణ్ణుంచి మీరు ఎంత ఏడ్చి అడిగినా ఆసుపత్రివారు నోరు విప్పకపోవచ్చు. కనక ఒంట్లో బాగున్నప్పుడే, ఎవరికి చెప్పవచ్చో పేరు రాసి పిల్లలచేత సంతకం పెట్టించి వుంచాలి.

చదువు పూర్తయి పట్టా పుచ్చుకున్నాక కాలేజీ పాలసీ కూడా కొద్దికాలంలో ముగుస్తుంది. వుద్యోగం దొరికి, ఆ కంపెనీ బీమా మొదలయ్యేదాకా నడుమ నెలలకు సొంతంగా కొనుక్కోవాలి. పట్టా ఫొటోలు వచ్చిన రోజునే యీ మాట అడగండి.

అన్నట్టు, పళ్ళవైద్యం యీ పాలసీలలో చాలావాటికి పట్టదు. పుచ్చుపన్ను వుంటే విమానం ఎక్కకముందు మనవూళ్ళోనే చూపించుకోవడం మేలు.