వార్తల్లో పదం: జిన్‌యిన్‌హువా

చైనా సంప్రదాయ వైద్యంలో జ్వరానికి, గొంతునొప్పికి తరతరాలుగా వాడుతున్న పూమొగ్గలివి. హనీసకిల్ జాతికి చెందిన లోనిసెరా జపానికా తీగకు పూస్తాయి. తెల్లగా విచ్చుకుని, ఆ తర్వాత పసుపు రంగుకు మారతాయి. మొగ్గలుగా ఉన్నప్పుడే కోసి, ఎండబెట్టి కషాయం కాస్తారు.

వీటిలోని క్లోరోజెనిక్ ఆమ్లం, ఫ్లేవనాయిడ్లకు వైరస్‌లను అడ్డుకునే గుణం ప్రయోగశాలల్లో కనిపించింది. నాన్‌జింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఈ మొగ్గల్లోని ఎంఐఆర్2911 అనే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ గురించి వెల్లడించారు. మరిగించినా ఇది చెడిపోదు. ఇన్‌ఫ్లుయెంజా-ఏ వైరస్‌లోని పీబీ2, ఎన్‌ఎస్1 జన్యువులపై పనిచేసి, వాటి ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. కషాయం తాగించిన ఎలుకల ఊపిరితిత్తులకూ ఇది చేరిందని వారు తెలిపారు. అయితే మొక్కల ఆర్‌ఎన్‌ఏ జీర్ణకోశాన్ని దాటి తగిన మోతాదులో ఒంటికి అందుతుందా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు.

కొవిడ్ వేళ చైనాలో విరివిగా వాడిన లియన్‌హువా చింగ్‌వెన్ మందులోనూ ఈ మొగ్గలున్నాయి. ఎలుకల్లో కనిపించిన ఫలితం మనుషుల్లో రుజువైనట్టు కాదు. ఫ్లూ సోకినప్పుడు కషాయాన్నే నమ్ముకుని వైద్యం ఆలస్యం చేసుకోవద్దు.