పాపన్న పట్టుబడ్డ కల్లు దుకాణం: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు వస్తే దారులు చీలిపోతాయి. ఒకటి హయత్‌నగర్ మీదుగా సూర్యాపేట, విజయవాడ వైపు. ఇంకొకటి సాగర్ రోడ్డు. మూడోది నాగోలు మీదుగా ఉప్పల్ చేరి, అక్కడినుంచి భువనగిరి, జనగామ, వరంగల్ వెళ్తుంది. ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఉండేవాళ్లలో చాలామందిది ఆ దారుల వెంట ఉన్న ఏదో ఒక పల్లె. నల్లగొండ, భువనగిరి, జనగామ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎటు చూసినా. అందుకే ఆగస్టు 18న సర్వాయి పాపన్న జయంతి వచ్చిందంటే ఇక్కడ ఫ్లెక్సీలు కడతారు, దండలు వేస్తారు, ఫోన్లలో పాపన్న కథలు తిరుగుతాయి.

ఆ కథల్లో సగం చరిత్ర, సగం కోరిక. తాళ్లెక్కే ఇంట్లో పుట్టినవాడు మొగల్ ఫౌజులను పదిహేనేళ్లు నిద్రపోనివ్వకపోవడమే అసాధారణమైన సంగతి. దానికి లేనిది కలపడం వల్ల, ఉన్నదాన్ని కూడా నమ్మనివాళ్లు పుట్టుకొస్తున్నారు. ముఖ్యంగా ఆయన చివరి ఘట్టం ఒక కల్లు దుకాణంలో జరగడం వల్ల, ఆ దుకాణం చుట్టూ అల్లుకున్న మాటలు పాపన్ననే కాదు, ఒక వృత్తిని మొత్తం చిన్నబుచ్చుతున్నాయి. అందుకని కొన్నిటిని విడదీసి చూడాలి.

అపోహ: పాపన్న నిజాం మీద తిరగబడ్డాడు

ఇది తేదీలు చూస్తే నిలబడదు. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నది 1687లో. గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. అప్పటినుంచి హైదరాబాద్ మొగల్ సుబేదార్ల కింద ఉంది. పాపన్న పేరు రాతల్లోకి ఎక్కేది 1690ల నుంచి. ఆయన మరణం 1710లో. నిజాంలలో మొదటివాడైన అసఫ్‌జా స్వతంత్రంగా దక్కన్‌ను ఏలడం మొదలైంది 1724లో. అంటే పాపన్న ఎదిరించింది ఢిల్లీ పాదుషా సుబేదార్లను, వాళ్ల ఫౌజుదార్లను, వాళ్లతో చేతులు కలిపిన స్థానిక జమీందార్లను.

శివాజీతో కలిసి పోరాడాడన్న మాటకూ ఇదే జవాబు. శివాజీ 1680లోనే చనిపోయాడు.

అపోహ: గోల్కొండ గద్దెనెక్కాడు

ఆ కాలపు ప్రధానమైన పారశీ చరిత్ర ఖాఫీఖాన్‌ది. ఆయన మొగల్ కొలువులోని మనిషి, పాపన్నను దొంగ అనే పిలిచాడు. ఆ రాతను, తెలుగు పల్లెల్లో పాడుకున్న వీరగాథను పక్కపక్కన పెట్టి 1980లో పరిశోధకులు జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు ఒక వ్యాసం రాశారు. 2005లో చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఎనిమిది జీవితాలను ఎంచుకుంటే, అందులో పాపన్నది ఒకటి. ఈ రాతల్లో గోల్కొండ విజయం లేదు.

ఉన్నది మాత్రం అంతకన్నా తక్కువేమీ కాదు. 1708లో, ఔరంగజేబు పోయిన ఏడాదికి, మొహర్రం రోజుల్లో ఊరంతా ఆ పనుల్లో ఉన్నప్పుడు రెండు మూడు వేల కాల్బలంతో, నాలుగైదు వందల గుర్రాలతో వరంగల్ కోట గోడ దాటాడు. రెండు నెలల్లోనే భువనగిరి మీద పడ్డాడు గాని అక్కడ అంత కలిసిరాలేదు. రెండు గొట్టాల తుపాకులు ఏడు వందలు కొన్నాడు. బంజారాల దగ్గర లాక్కున్న వేల ఎడ్లను షాపూర్ చుట్టుపక్కల పొలాలకు కట్టి దున్నించాడు. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ ఆఖరి సంగతే. దారి కొట్టి పారిపోయేవాడికి దుక్కితో పనేముంటుంది? ఆ షాపూరే ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్. రాయి, సున్నంతో కట్టిన ఆయన కోట ఇంకా అక్కడ నిలిచే ఉంది.

1709 జనవరిలో, ఔరంగజేబు తర్వాత పాదుషా అయిన బహదూర్‌షా స్వయంగా హైదరాబాద్ వచ్చి దర్బారు పెడితే పాపన్న పద్నాలుగు లక్షల రూపాయలు, సైన్యానికి ధాన్యం సమర్పించి, పాదుషా చేతినుంచి ఖిల్లతు, అంటే గౌరవ వస్త్రం, అందుకున్నాడు. ఒక గీత కుటుంబంలోని మనిషిని పాదుషా రాజుగా గుర్తించినట్టే అది. నగరంలోని పెద్దలు భగ్గుమన్నారు. వరంగల్‌లో పట్టుకుపోయిన తమ ఇంటి ఆడవాళ్లు ఇంకా వాడి చెరలో ఉంటే వాడికి సన్మానమా అని నిలదీశారు. పాదుషా మాట మార్చి, పాపన్నను తుడిచిపెట్టమని సుబేదార్ యూసుఫ్ ఖాన్‌కు హుకుం ఇచ్చాడు. గోల్కొండ గద్దె కథ కల్పించనక్కర్లేదు. ఈ ఒక్క దర్బారు చాలు, ఆయన ఎంత ఎత్తుకు వెళ్లాడో చెప్పడానికి.

అపోహ: అది మతాల మధ్య యుద్ధం

వరంగల్‌లో మొహర్రం నాడు, భువనగిరిలో ప్రవక్త జన్మదినం నాడు దాడి చేశాడు కాబట్టి ఇలా అనుకుంటారు. పండుగ నాడు కాపలా పలచగా ఉంటుందన్నది ఏ దళపతికైనా తెలిసిన లెక్క. పాపన్నను మొదట బంధించినవాడు కౌలాస్ జమీందారు వెంకటరావు. ఆ జైలునుంచి బయటపడింది కూడా జమీందారు భార్య జబ్బుపడ్డ కొడుకు బాగుపడాలని ఖైదీలందరినీ వదిలిపెట్టించడం వల్ల. వీరగాథలో పాపన్న అనుచరుల పేర్లు వింటే తురకలు, దూదేకులవాళ్లు, చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి అందరూ ఉంటారు. చివరి ముట్టడిలో సుబేదారు వైపు హిందూ జమీందార్లు ఉన్నారు. గీత గీసింది భూమి, పన్ను, పుట్టుక. అధికారం ఉన్నవాళ్లు ఒక పక్క, లేనివాళ్లు ఒక పక్క.

పాపన్నను ఒట్టి పుణ్యమూర్తిగా నిలబెట్టేవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆయన మనుషులు పెళ్లి బృందాలను దోచారు, ఆడవాళ్లను ఎత్తుకుపోయారు, వరంగల్ నుంచి వేలమందిని చెరపట్టారు. సొంత అక్కాచెల్లెళ్లలో విధవరాలైన ఒకామె సొమ్ము దోచుకోవడంతోనే ఆయన బతుకు ఈ మలుపు తిరిగిందని ఖాఫీఖాన్ రాశాడు. శత్రువు రాసిందే అయినా, బందీల సంగతి కాదనడానికి వీల్లేదు. దర్బారు తిరగబడింది వాళ్ల గోడు వల్లే.

అపోహ: తాగి మత్తులో పడి ఉండగా సొంతవాళ్లే అమ్మేశారు

ఇది చాలా చోట్ల వినిపించే మాట, చాలా హాని చేసే మాట కూడా. జరిగింది వరసగా చూద్దాం.

పాపన్న భార్య తోడబుట్టినవాడు మొగల్ కొలువులో ఫౌజుదారు. అతణ్ని పాపన్నే పట్టి షాపూర్ కోటలో సంకెళ్లు వేయించాడు. పాపన్న వేరే జమీందారు మీదికి వెళ్లిన సమయంలో, అన్నంలో దాచిన ఆకురాళ్లు ఆ ఖైదీకి చేరాయి. పంపింది పాపన్న భార్యే. ఖైదీలు సంకెళ్లు కోసుకుని, కోటను స్వాధీనం చేసుకుని, తిరిగొచ్చిన పాపన్న మీదికి ఆయన ఫిరంగులే పేల్చారు. ఆయన తాటికొండ కోటకు పారిపోవాల్సి వచ్చింది. యూసుఫ్ ఖాన్ వేల సైన్యంతో ఆ కొండను నెలల తరబడి చుట్టుముట్టాడు. పక్షం మారినవాళ్లకు రెట్టింపు జీతం ఆశ చూపాడు. మందుగుండు అయిపోయింది.

1710 ఎండాకాలంలో పాపన్న వేషం మార్చుకున్నాడు. ఒక ద్వారం దగ్గర తన చెప్పులు, హుక్కా వదిలిపెట్టి, ఇంకో ద్వారంలోంచి ఒంటరిగా దిగిపోయాడు. వెతికేవాళ్లు చెప్పులున్న వైపు పోవాలని. కాలికి తుపాకీ గాయం. రెండు రోజులు సొంత మనుషులకు కూడా ఆయన ఎటు పోయాడో తెలియదు. అలా నడిచి హసనాబాద్ అనే ఊళ్లో కల్లు అమ్మే చోటికి చేరాడు. కల్లు అడిగాడు. అమ్మేవాడు గుర్తుపట్టి, మాటల్లో పెట్టి, కబురు పంపాడు. వచ్చి పట్టుకున్నది ఆ బావమరిదే.

ఇందులో మత్తు ఎక్కడుంది? గాయపడి, ఎండలో నడిచి, దాహంతో ఉన్న మనిషి తనవాళ్లు ఉండే చోటికి వెళ్లాడు. కోట, సత్రం, జమీందారు ఇల్లు ఆయనకు మూసుకుపోయాక తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. పట్టుకున్నవాడు ద్రోహి అనడానికి కూడా లేదు. తన కాళ్లకు సంకెళ్లు వేసినవాడి మీద పగ తీర్చుకున్నాడు. ఇక ఆ దుకాణదారుడికి ఎంత దక్కిందో, ఎంత భయపడ్డాడో ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. చుట్టూ సుబేదారు ఫౌజులు గాలిస్తున్న ఊళ్లో, వెతుకుతున్న మనిషే ఎదురుగా కూర్చుంటే, అతని ముందు ఎన్ని దారులుంటాయి? ఒక్క పేరులేని మనిషిని చూపించి కులం మొత్తానికి ద్రోహం అంటగట్టడం అన్యాయం.

తన తల తానే నరుక్కున్నాడని కొన్ని కథలు చెబుతాయి. ఖాఫీఖాన్ రాసింది వేరు. శరీరాన్ని ముక్కలు చేసి, తలను పాదుషా దగ్గరకు పంపి, మొండేన్ని హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు. పట్టుబడి చనిపోతే వీరత్వం తగ్గుతుందేమోనన్న బెంగతో పుట్టిన కథ అనిపిస్తుంది నాకు.

అపోహ: కల్లు దుకాణం సోమరుల అడ్డా, పోరాటాలకు దానితో పనేమిటి?

ఈ ప్రశ్నకు ముందు హయత్‌నగర్ చూడాలి. ఎల్బీనగర్ నుంచి కాస్త దూరమే. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు అది. మసీదు, దాని ఆవరణ చుట్టూ బాటసారుల కోసం వరసగా కట్టిన సరాయి గదులు, పక్కనే హాథీ బావోలీ అనే పెద్ద బావి. మచిలీపట్నం దారిన పోయే వర్తకులకు రాజ్యం ఇచ్చిన విడిది. కాలినడకన పోయే కూలికి, రైతుకు మాత్రం విడిది తాటివనం నీడే. తెలంగాణ పల్లెల్లో దాన్ని కల్లు మండువా అంటారు. మోకు, ముస్తాదు దించి గీత కార్మికుడు లొట్టిలోంచి కల్లు వంచుతుంటే, ఆకు డొప్పలు పట్టుకుని చుట్టూ కూర్చున్నవాళ్ల మధ్య ఊరి కబుర్లన్నీ నడుస్తాయి. దొర ఎవరిని కొట్టించాడు, పట్వారీ ఎవరి పేరు మార్చాడు, పక్క ఊళ్లో ఏమైంది అన్నది అక్కడే తెలిసేది.

ప్రభుత్వాలకు ఈ చోటు విలువ ఎప్పుడూ తెలుసు. 1600ల నడుమ గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, నగరంలోకి రోజూ గుర్రాల మీద తోలు తిత్తుల్లో కల్లు దిగుతుందనీ, దాని పన్ను రాజుకు పెద్ద రాబడి అనీ రాశాడు. నిజాం కాలానికి అబ్కారీ ఖజానాకు మూలస్తంభమైంది. చెట్టు ఒకడిది, పన్ను సర్కారుది, వేలం పాడుకునే ముస్తాజరు వేరు. ప్రాణం పణంగా పెట్టి ఎక్కేవాడికి మిగిలేది కొంచెమే.

ఇది మన దగ్గరే కాదు. రష్యా సామ్రాజ్యం కింద ఉన్నప్పుడు ఎస్టోనియాలో పల్లె సత్రాల్లో సారా అమ్ముకునే హక్కు జర్మన్ జమీందార్లది. 1816లో అక్కడి ఉత్తర ప్రాంతంలో రైతు బానిసత్వం రద్దయిందన్నారు గాని వెట్టి పోలేదు. 1858లో మాహ్త్రా అనే చోట రైతులు కర్రలతో రష్యన్ సైన్యాన్ని ఎదిరించి కాల్పుల్లో చనిపోయారు. రైతు తాగే సారా మీద లాభం, రైతు చేసే వెట్టి మీద లాభం అక్కడా ఒకే చేతికి పోయాయి.

మన దగ్గర వెట్టికి వ్యతిరేకంగా 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఖిలాషాపూర్, కడవెండి రెండూ ఇవాళ ఒకే జనగామ జిల్లాలో ఉన్నాయి. మరుసటి ఏడాది నిజాం రాబడిని దెబ్బతీయడానికి హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ తన సత్యాగ్రహంలో తాటి, ఈత చెట్లు నరికే కార్యక్రమం పెట్టింది. ఖజానాకు తగిలిన దెబ్బ ముందు గీసేవాడి పొయ్యికి తగిలింది. ఒక తాడిచెట్టు కల్లు పారేదాకా ఎదగాలంటే పదిహేనేళ్లు పైనే పడుతుంది. ఉద్యమకారుల త్యాగాన్ని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ చెట్టు ఎవరి బతుకో అడగకుండా గొడ్డలి ఎత్తడం మాత్రం పొరపాటే.

అపోహ: ఇప్పుడున్న కల్లు కాంపౌండ్లే ఆ పాత మండువాలు

నగరంలో ఉన్నవాళ్లు కల్లు అనగానే ముఖం చిట్లించడానికి కారణం ఇదే. తాటివనాలు కాలనీలయ్యాయి. చెట్టు లేని చోట కల్లు కావాలంటే కల్తీ తప్పదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన నీళ్లకు కల్లు పేరు పెట్టి అమ్మారు. 2004లో నగరంలో దుకాణాలు మూతపడ్డాయి, తెలంగాణ వచ్చాక 2014లో తెరుచుకున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ మందునీళ్లకు, ఉదయం చెట్టు దిగిన కల్లుకు సంబంధం లేదు. ఈ కల్తీ వ్యాపారాన్ని గీత వృత్తి పేరుతో వెనకేసుకు రావడం గీత కార్మికుడికే నష్టం.

ఆ కార్మికుడి తరఫున నిలబడ్డవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేట మనిషి, కమ్యూనిస్టు, నిజాం జైళ్లు చూసినవాడు. 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు, 1991లో, 1996లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచాడు. గీత పనివారల సంఘం కట్టి, ముస్తాజర్ల వేలం పోవాలని, చెట్టెక్కేవాళ్ల సహకార సంఘాలకే దుకాణం ఇవ్వాలని పల్లెపల్లె తిరిగాడు. ఇవాళ తెలంగాణ పల్లెల్లో మండువా నడుపుతున్న సొసైటీల వెనుక ఆ తిరుగుడు ఉంది.