పలకల సీమలో పాత డాసు

మార్కాపురమనగానే ఉపాధ్యాయులకు ముందుగా స్ఫురించునది పలక. పొరలు పొరలుగా విడివడు ఆ రాయి తెలుగునాట ఎన్ని తరములకు అక్షరాభ్యాసము చేయించినదో! తాతనాటి పలకపై నేటి బలపము నిరాటంకముగా సాగును. కంప్యూటరునకు ఆ సుగుణము లేదు. 1981లో ఐ.బి.ఎం. వారి వ్యక్తిగత కంప్యూటరుతో వెలువడిన డాసునకై వ్రాసిన ప్రోగ్రాములు క్రొత్త యంత్రముపై మొరాయించుటయో, యంత్రమునంతటిని మందగింపజేయుటయో కలదు.

దీని కారణము గిద్దలూరు పరిసర గ్రామములలో ఏకోపాధ్యాయ పాఠశాలల నెరిగినవారికి సులభముగా బోధపడును. ఐదు తరగతులకు అయ్యవారొక్కరే. ఒక బాలుడు క్షణమునకొకసారి "గంట కొట్టినారా అయ్యవారూ?" అని అడుగుచుండినచో తక్కిన తరగతుల పాఠమేమగును? డాసు ప్రోగ్రాము చేయునది సరిగా నిదే. మీట నొక్కువరకు ఊరకుండక, "నొక్కిరా, నొక్కిరా" యని ప్రాసెసరును వేధించును. డాసు కాలమున బడిలో ఉన్నది ఆ బాలుడొక్కడే గనుక నష్టము లేకపోయెను. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. ఈ వృథా ప్రశ్నలను గమనించి, ప్రోగ్రామును కొంతసేపు నిద్రపుచ్చు ఉపాయము పన్నినది.

వేగము హెచ్చినను చిక్కే. టర్బో పాస్కల్‌లో వ్రాసిన కొన్ని ప్రోగ్రాములు ఆరంభముననే యంత్రపు వేగమును కొలిచి 55చే భాగించును. యంత్రము మిక్కిలి వేగవంతమైనచో భాగఫలము తన గడిలో పట్టదు. అంతట 'రన్‌టైమ్ ఎర్రర్ 200', అనగా సున్నతో భాగహారమని అబద్ధపు నేరము మోపి ప్రోగ్రాము ఆగిపోవును! గణితోపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన కథ యిది.

64 బిట్ల విండోస్ డాసును పూర్తిగా విడనాడినది. 2021లో వచ్చిన విండోస్ 11 ఆ తరగతికి చెందినదే. ఇపుడు శరణ్యము 2002 నుండి ఉచితముగా లభించు డాస్‌బాక్స్. ఇది పాత కంప్యూటరునే నటించి చూపును. తెలుగునాట అనేక కళాశాలలలో టర్బో సి చిరకాలము బ్రదికినది దీని చలువనే. మొదట ఇది మిల్లీసెకనుకు 3000 ఆవర్తనములతో నెమ్మదిగా నడచును. కంట్రోలుతో ఎఫ్12 నొక్కిన వేగము పెరుగును, ఎఫ్11 నొక్కిన తగ్గును. "గరిష్ఠము" అను అమరిక ఆకర్షణీయమే గాని, దానితో ఆ బాలుడు మరల ప్రశ్నలు మొదలిడును. పని సాగుటకు చాలినంత నిర్ణీత సంఖ్యయే మేలు.

అయినను, క్రొత్తగా సి భాష నేర్చు విద్యార్థిని టర్బో సికి కట్టివేయుట న్యాయము కాదు. అందులో పూర్ణాంకము 32767 దాటదు. నేటి కంపైలర్లలో అది సాధారణముగా రెండువందల కోట్లు దాటును. పల్లె నుండి పట్టణమునకు ఉద్యోగార్థియై పోయిన పిల్లవాడు ఈ భేదమును అచ్చట తెలిసికొనవలసివచ్చుట విచారకరము.

పాత రికార్డుల మాట వేరు. డిబేస్‌లోని మార్కుల పట్టికలను లిబ్రె ఆఫీసు నేరుగా తెరచును. వానికై డాసును నడుపనక్కరయే లేదు. తెలుగు వ్రాతల గతి కష్టతరము. సి-డాక్ వారి జిస్ట్ కార్డు డాసు తెరపై తెలుగును చూపినది. 1991లో ఇస్కీ సంకేతావళి జాతీయ ప్రమాణమైనది. డాస్‌బాక్స్ ఆ కార్డును నటింపజాలదు. ఇస్కీలోనున్న పాఠమును యూనికోడునకు మార్చిననే చదువ వీలగును. ఫ్లాపీలు చెడిపోకముందే ఆ పని జరుగవలెను.