బోర్డు పిలవాలి, తూకం నిలపాలి

బోధన్ : దుకాణానికి నోరు లేదు. దాని తరఫున మాట్లాడేది గుమ్మం మీది బోర్డే. వర్ని నుంచో, కోటగిరి నుంచో వచ్చిన రైతు బస్సు దిగి అటూ ఇటూ చూస్తాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు అమ్ముకున్న రైతూ అంతే. ఆ నాలుగు క్షణాల్లో కంటపడిన దుకాణానికే గిరాకీ.

ఒకప్పుడు బోధన్ వ్యాపారికి ఈ బెంగ అంతగా లేదు. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఊరిని పోషించింది. శక్కర్‌నగర్ కార్మికుల జీతాలు, చెరుకు రైతుల బిల్లులు చివరికి బజారుకే చేరేవి. ముఖం తెలిసిన ఖాతాదారు, ఉద్దెర పుస్తకం ఉంటే వ్యాపారం సాగేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. దానితో జీతాల రోజూ పోయింది. దారిన పోయేవారిని పిలుచుకుంటే తప్ప చిన్న దుకాణం నిలవని రోజులు వచ్చాయి.

తక్కువ రాస్తేనే మేలు

బోర్డు రాయడానికీ ఒక లెక్క ఉంది. అంగుళం ఎత్తు అక్షరాన్ని సుమారు 10 అడుగుల దూరం నుంచి సులువుగా చదవవచ్చు. 50 అడుగుల అవతలి వారికి కనిపించాలంటే అక్షరం 5 అంగుళాలు ఉండాలి. పసుపు మీద నలుపు, ఎరుపు మీద తెలుపు దూరానికి బాగా తేలుతాయి. యజమాని పేరు, తండ్రి పేరు, సరుకుల జాబితా అన్నీ ఒకే రేకు మీద ఇరికిస్తే గుడులు, ఒత్తులు కలిసిపోయి ఏదీ తెలియదు. ఏమి అమ్ముతారో చెప్పే ఒక్క మాట, ఒక్క బొమ్మ చాలు. చదువు రాని వారికి చెప్పు బొమ్మో, పంపుసెట్టు బొమ్మో దారి చూపుతుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే బోధన్‌లో బొమ్మ విలువ మరీ ఎక్కువ.

ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పట్టిన పెయింటర్లకు పని తగ్గింది. ఫ్లెక్సీ చవక, పని కూడా త్వరగా అయిపోతుంది. కానీ ఎండకు వెలిసిపోతుంది. వెలిసిన బోర్డు దుకాణం నడవడం లేదేమోనన్న అనుమానం పుట్టిస్తుంది. పైగా 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి కేంద్రం నిషేధించింది. రేకు మీద ఎనామిల్ రంగుతో రాయించిన బోర్డు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ డబ్బు ఊరి పెయింటర్‌కే దక్కుతుంది.

అయితే బోర్డు గిరాకీని గుమ్మం దాకానే తెస్తుంది. బయట తగ్గింపు ధర రాసి లోపల పాత ధర చెబితే, తూకంలో తేడా చేస్తే ఆ సంగతి చాటింపు లేకుండానే ఊళ్లకు పాకుతుంది. మొదటిసారి పిలిచేది బోర్డు. రెండోసారి రప్పించేది మాత్రం తూకమే.