పైకి కనబడని హెర్నియా

బీడీలు చేసే కాడ ఆడవాళ్ల మాటలు ఇట్లా ఉంటాయి.

"అక్కా, బొడ్డు పక్కన నొస్తున్నది. పొద్దుగూకితే ఎక్కువైతున్నది."

"గ్యాసే కావచ్చు చెల్లె. ఓమ నీళ్లు తాగు."

ఓమ నీళ్లతో గ్యాసు నొప్పి తగ్గుతుంది కావచ్చు. కాని వారాల తరబడి అదే చోట నొస్తుంటే? నిలబడితే నొచ్చి, పడుకుంటే తగ్గుతుంటే? అది గ్యాసు కాకపోవచ్చు. హెర్నియా కావచ్చు.

హెర్నియా అంటే ఏమిటి? మన పొట్టకు కండతో చేసిన గోడ ఉంటుంది. ఆ గోడలో ఎక్కడో ఒక చోట బలం తగ్గుతుంది. అక్కడ సందు పడుతుంది. లోపలి కొవ్వు గాని, పేగు గాని ఆ సందులోకి జారుతుంది. గజ్జలో వస్తుంది. బొడ్డు దగ్గర వస్తుంది. పాత ఆపరేషను కుట్టు మీద కూడా వస్తుంది. ఇవన్నీ ఉబ్బి కనబడతాయి కాబట్టి తొందరగా తెలుస్తాయి.

ఇంకొక రకం ఉంది. అది చాలా అరుదు. నూరు హెర్నియాల్లో ఒకటో రెండో ఉంటాయి. దాని పేరు స్పైజీలియన్ హెర్నియా. నాలుగు వందల ఏళ్ల కింద ఇటలీలో పాఠాలు చెప్పిన స్పీగెల్ అనే డాక్టరు పేరు అది. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు. చోటు గుర్తు పెట్టుకోండి. బొడ్డుకు కొంచెం కింద, పక్కకు సుమారు నాలుగు వేళ్ల దూరం. పొట్ట నడిమి కండ, పక్క కండలు కలిసే గీత అక్కడే ఉంటుంది.

ఈ హెర్నియా ఎందుకు కనబడదు? బొంతను తలచుకోండి. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుడతాం కదా. లోపలి చీర చినిగింది. పైచీర బాగానే ఉంది. లోపలి పేలికలు ఉండకట్టినా పైకి కనబడవు. ఇది కూడా అంతే. లోపలి పొరలు విడిపోతాయి, పై పొర గట్టిగానే ఉంటుంది. జారిన పేగు ఆ రెండింటి నడుమ దాగి ఉంటుంది.

ఎవరికి వస్తుంది? నలభై దాటిన వాళ్లలో ఎక్కువ. కాన్పులు, లావు, ఆగని దగ్గు, మలబద్ధకం, బరువులు ఎత్తడం, ఇవన్నీ పొట్ట గోడ మీద ఒత్తిడి పెడతాయి. బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని 1937లో పెట్టారు. 2015 డిసెంబరులో అది మూతబడింది. అది నడిచిన రోజుల్లో చెరుకు కొట్టి మోపులు మోసిన ఆడవాళ్లలో చాలామంది ఇప్పుడు ఆ వయసులో ఉన్నారు. మోపు మోసినందుకే వచ్చిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కాని దవాఖానలో మీరు చేసిన పని చెప్పండి. పొగాకు దుమ్ముతో దగ్గు ఉంటే అది కూడా చెప్పండి.

ఇక్కడ ఒక మాట. కడుపు కింద నొప్పి అనగానే "గర్భసంచి తీసేద్దాం" అనే మాట మన ఊర్లలో చాలామంది విన్నదే. ఒప్పుకునే ముందు అడగండి: "ఎందుకు తియ్యాలె సారూ? పొట్ట గోడ చూసిండ్రా?" అట్లా అడగడం తప్పు కాదు.

డాక్టరు పడుకోబెట్టి చూస్తే ఇది లోపలికి పోయి దొరకకపోవచ్చు. అందుకే నిలబడి చూపించండి. దగ్గి చూపించండి. నొప్పి ఉన్న చోట ఒక వేలు పెట్టి చూపించండి. సిగ్గనిపిస్తే లేడీ డాక్టరును అడగండి, లేదా తోడుకు ఒక అక్కను తీసుకపోండి. తరువాత స్కానింగు చేస్తారు. అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ తీస్తారు. బోధన్‌లో సర్కారు దవాఖాన ఉంది. నిజామాబాద్‌లో పెద్ద దవాఖాన ఉంది. 2013లో మొదలైన మెడికల్ కాలేజీ దానితోనే నడుస్తున్నది. రేషను కార్డు వెంట ఉంచుకోండి. ఆపరేషను ఆరోగ్యశ్రీలో అవుతుందా అని ఆరోగ్యమిత్రను అడగండి.

మందులతో సందు మూసుకోదు. బెల్టు కట్టినా మూసుకోదు. ఆపరేషనే దారి. డాక్టరు పేగును లోపలికి పంపి సందును కుడతారు. చాలాసార్లు పైన వలగుడ్డ లాంటి మెష్ కూడా వేస్తారు. కొందరికి చిన్న రంధ్రాలు పెట్టి దుర్బిణితో చేస్తారు.

ఆలస్యం ఎందుకు చేయకూడదంటే, ఈ హెర్నియా సందు ఇరుకుగా, గట్టిగా ఉంటుంది. పేగు అందులో ఇరికితే నెత్తురు ఆడదు. అప్పుడు నొప్పి ఆగదు. వాంతులవుతాయి. కడుపు ఉబ్బుతుంది. గాలి, మలం బయటికి రావు. గడ్డ తగిలితే గట్టిగా ఉంటుంది, లోపలికి పోదు. అప్పుడు నూనె రాసి పిసకవద్దు. ఏమీ తినవద్దు, తాగవద్దు. తెల్లారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి.

ఆపరేషను అయినాక చిన్నగా నడవవచ్చు. నీళ్ల బిందె, గడ్డి మోపు, గ్యాసు బండ మాత్రం కొన్ని వారాలు ఎత్తవద్దు. ఎన్ని వారాలో డాక్టరే చెబుతారు. దగ్గు వస్తే కుట్టు మీద అరచెయ్యి గాని, చిన్న మెత్త గాని ఆనించి దగ్గండి.