చంద్రుడిదాకా వెళ్ళినవారి చేవ్రాలు

ఒక్కొక్కరికి ఒక్కొక్క సరదా. ఒకరు తపాలాబిళ్ళలు పోగుచేస్తారు, ఒకరు పాత నాణేలు, మరొకరు అగ్గిపెట్టెల బొమ్మలు. సినిమా తారల ముందూ, క్రికెట్ ఆటగాళ్ళ ముందూ చిన్న పుస్తకం చాచి సంతకం పెట్టించుకునేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. మా నాన్నగారి సరదా వీటన్నిటికంటె కాస్త ఎత్తయింది. ఆకాశంలోకి వెళ్ళి వచ్చినవారి సంతకాలు కావాలి ఆయనకు. ఉండడమేమో ఆత్మకూరులో. నల్లమల అడవి అంచున ఉన్న ఊరు. కర్నూలుకు పోవాలన్నా, నంద్యాలకు పోవాలన్నా బస్సెక్కవలసిందే.

ఆయన సైన్సు మాస్టారు. జీవితం మొత్తంమీద సంపాదించినవి రెండంటే రెండు ఫొటోలు. ఆ రెండూ చట్రాలు కట్టించి నడవలో, దేవుడి పటాల పక్కనే తగిలించారు. ఆ రెంటిలో ఒకటి మా అన్నదమ్ముల మధ్య చేను తగాదా తెచ్చిపెట్టబోయింది. ఆ సందర్భంలో ఇలాంటి సంతకాల విలువ ఎలా కడతారో కొంత నేర్చుకున్నాను. అదే ఇక్కడ చెబుతాను. ఇలాంటి ఫొటో మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

హూస్టన్ నుంచి వచ్చిన కవరు

1969 జూలై 21, సోమవారం. మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 26 నిమిషాలకు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడిమీద కాలు పెట్టాడు. ఆ వార్త రేడియోలో విన్న నాన్నగారు ఆ రాత్రి అన్నం తిన్నాక ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. నాలుగుసార్లు చింపి, అయిదోసారి రాసింది హూస్టన్‌కు పంపించారు. అక్టోబరులో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ ముగ్గురూ లోకం చుట్టి వస్తూ బొంబాయికి వచ్చారు. బొంబాయికి పోను రాను ఖర్చులు లెక్కవేసుకుని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు నాన్నగారు. అంతకంటె చేయగలిగింది లేదు.

ఆ తరువాత కొంతకాలానికి ఒక పెద్ద కవరు వచ్చింది. లోపల ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటో. తెల్లని వ్యోమగామి దుస్తులు, ముందు శిరస్త్రాణం, వెనక చంద్రబింబం. ఫొటోమీద సిరాతో సంతకం. మా వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఆ కవరును కూడా నాన్నగారు పారవెయ్యకుండా ట్రంకుపెట్టెలో దాచారు.

పంపకాలు

నాన్నగారు 2019లో పోయారు. ఆస్తి అంటే పాత ఇల్లు, మూడెకరాల మెట్టచేను. ఇంటి సంగతి తేలిపోయింది. చేను చెరి ఎకరన్నర అనుకున్నాం. అప్పుడు మా తమ్ముడు ఒక మాట అన్నాడు.

"అన్నా, ఆ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటో నాకిచ్చెయ్. చేనులో నా సగం కూడా నువ్వే రాయించుకో. పాప చదువుకు గట్టెక్కుతాను."

వాడి కూతురికి ఆ ఏడే పెద్ద చదువులో సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి నెలరోజుల గడువు. అంతకుముందు 2018 నవంబరులో అమెరికాలో డాలస్ నగరంలో ఆర్మ్‌స్ట్రాంగ్ కుటుంబం దాచిన వస్తువులను వేలం వేశారు. ఆ వార్త టీవీలో చూశాడు తమ్ముడు. ఆయన సంతకానికి లక్షలు పలుకుతాయని ఎవరో చెప్పారు. చెప్పినవాళ్ళది అబద్ధమూ కాదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ చాలాకాలం అడిగినవారికల్లా సంతకం పెట్టి పంపేవాడు. తన సంతకాలను జనం అమ్ముకుంటున్నారనీ, దొంగ సంతకాలు కూడా పుట్టుకొస్తున్నాయనీ తెలిసి 1994 ప్రాంతంలో మానేశాడు. 2012 ఆగస్టు 25న కన్నుమూశాడు. ఇక కొత్త సంతకం పుట్టదు. ఉన్నవాటికే గిరాకీ. తెల్లదుస్తుల ఫొటోమీద ఆయన స్వహస్తంతో పెట్టిన సంతకం, అందులోనూ ఎవరి పేరూ రాయకుండా సంతకం మాత్రమే ఉన్నది, వేల డాలర్లు పలుకుతుంది.

నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది, అయితే ఫొటోమీద కాదు, చేనుమీద. సరేనన్నాను. భాగపరిష్కార పత్రం రాయించడానికి రోజు కూడా పెట్టుకున్నాం. ఈలోగా తమ్ముడు అమ్ముకోవడానికి సాయంగా ఉంటుందని ఫొటో వివరాలు సేకరించబోయాను. అక్కడ వచ్చింది చిక్కు.

సంతకం పెట్టే యంత్రం

ఆ రోజుల్లో వ్యోమగాములకు వచ్చే ఉత్తరాలకు లెక్కలేదు. ప్రతి ఫొటోమీదా కూర్చుని సంతకం పెడితే ఇక చంద్రుడిమీదికి వెళ్ళే తీరికే ఉండదు. అందుకని అమెరికాలో ఆటోపెన్ అనే యంత్రాన్ని వాడేవారు. అది అంతకుముందే అక్కడి పెద్ద పెద్ద కార్యాలయాల్లో, అధ్యక్షుడి కార్యాలయంతో సహా, అలవాటైన యంత్రం.

దాని పని సులువు. మనిషి ఒకసారి పెట్టిన సంతకాన్ని బట్టి ఒక అచ్చు కోస్తారు. యంత్రం నడిచినప్పుడు ఒక చిన్న చక్రం ఆ అచ్చు అంచు వెంట తిరుగుతుంది. దానికి తగిలించిన ఇనుపచేయి కలాన్ని పట్టుకుని కాగితంమీద అదే గీత గీస్తుంది. కలం నిజమైనదే, సిరా నిజమైనదే. లేనిదల్లా చేయి.

నేను బాంకులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరి చేసినవాణ్ణి. చెక్కుమీది సంతకాన్ని నమూనా సంతకంతో పోల్చిచూడడమే అందులో సగం పని. అక్కడ రెండు సంతకాలూ కలవకపోతే అనుమానం. ఇక్కడ కలిస్తేనే అనుమానం! ఎందుకంటే ఏ మనిషీ తన సంతకాన్ని రెండుసార్లు అచ్చుగుద్దినట్టు పెట్టలేడు. ఒకసారి తోక పొడుగవుతుంది, ఒకసారి వంపు తగ్గుతుంది. యంత్రానికి ఆ తేడా తెలియదు.

అనుభవమున్న సేకరణకర్తలు ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుమీద నడిచిన యంత్రపు సంతకాల నమూనాలను పోగుచేసి, బొమ్మలతో సహా ప్రచురించారు. వాటిలో ఒకదాన్ని చూడగానే నా గుండె గతుక్కుమంది. మా నడవలో చిన్నప్పటినుంచి చూస్తున్న సంతకమే అది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నోరు మూసుకుంటే మూడెకరాలూ నావి. తమ్ముడికి యంత్రం గీసిన గీత మిగులుతుంది. అటువంటి ఫొటోకు బజారులో దక్కేది బహు స్వల్పం. తెల్లవారి వాణ్ణి పిలిచి సంగతి చెప్పాను. వాడు నమ్మలేదు.

"నాయన ఫొటో మీద నీకు ఆశ ఉంటే ఉందని చెప్పన్నా. యంత్రం గింత్రం అని నాకు చెప్పొద్దు."

వాడి అనుమానంలో తప్పులేదు. పంపకాల ముందురోజు ఇలాంటి కబురు చెప్పినవాణ్ణి ఎవరు నమ్ముతారు?

కిటికీ దగ్గర పరీక్ష

చట్రం విప్పి ఫొటో బయటికి తీశాం. మొదట భూతద్దంతో చూశాం. అచ్చువేసిన సంతకమైతే భూతద్దంలో సన్నని చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఫొటో ఎంత నిగనిగలాడితే సంతకమూ అంతే నిగనిగలాడుతుంది. మాది అలా లేదు. వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే సిరా కాగితంపైన విడిగా కనబడింది. తమ్ముడి ముఖం వికసించింది. కాని ఆటోపెన్ కూడా నిజమైన సిరాతోనే రాస్తుంది కదా! భూతద్దం ఒక్కటే చాలదు.

తరువాత గీత నడక చూశాం. మనిషి రాసేటప్పుడు ఒకచోట ఒత్తుతాడు, ఒకచోట తేలుస్తాడు. చివర గీత సన్నబడుతూ లేచిపోతుంది. మా ఫొటోమీది గీత మొదలునుంచి చివరిదాకా ఒకే లావు. మొదలుపెట్టినచోటా, ఆపినచోటా కలం నిలబడి దిగినట్టు మొండి చుక్కలు. వంపుల్లో సన్నని వణుకు. తమ్ముడు ఏమీ అనలేదు.

ఆఖరికి పలచని కాగితంమీద మా సంతకాన్ని దించాను. ప్రచురించిన నమూనాను అదే కొలతకు అచ్చుతీయించి, రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. వాడినే కొంచెం కొంచెంగా జరపమన్నాను. జరిపాడు. ఒకచోట రెండు సంతకాలూ ఒక్కటైపోయాయి. ఒక గీత కూడా పక్కకు పోలేదు.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"నాయనకు తెలుసునంటావా అన్నా?"

"తెలిసుండదు అబ్బీ. తెలిసుంటే మనకు చెప్పకుండా ఉండడు."

రెండో ఫొటో

అప్పుడు వాడి చూపు గోడమీది రెండో ఫొటోమీద పడింది. అది రాకేశ్ శర్మది. ఆయన మనకు పరాయివాడు కాడు. పుట్టింది పాటియాలాలోనైనా చదివింది హైదరాబాదులో, సెయింట్ జార్జి గ్రామర్ స్కూల్లో, నిజాం కళాశాలలో. 1984 ఏప్రిల్ 3న సోయజ్ నౌకలో బయలుదేరి, సల్యూట్-7 కేంద్రంలో ఉండి, సుమారు ఎనిమిది రోజులకు తిరిగివచ్చాడు. ఆ తరువాత హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌లో టెస్ట్ పైలటుగా నాసిక్‌లోనూ, బెంగుళూరులోనూ పనిచేశాడు. 1990లలో బెంగుళూరులో ఉద్యోగం చేసిన మా మేనమామ, బావగారి సరదా తెలిసినవాడు కనుక, ఆ ఫొటో సంపాదించి పంపాడు. పైన మా నాన్నగారి పేరు, కింద సంతకం.

దానికీ అదే పరీక్ష పెట్టాం. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఇంటిపేరు అక్షరం దగ్గర కలం ఒక క్షణం ఆగినట్టుంది, సిరా చిన్న చుక్కై ముద్దకట్టింది. ఎవరో మా నాన్నగారి పేరు చెబుతుంటే విని, అర్థంకాక మళ్ళీ అడిగి రాసినట్టుంది. సందేహం లేదు, అది చేయి చేసిన పనే.

అయితే దాని ధర? చిత్రమేమిటంటే, పేరు రాసిన ఫొటోకు బజారులో ధర తగ్గుతుంది. కొనేవాడికి తన గోడమీద మరొకరి నాన్న పేరు ఎందుకు? ఆర్మ్‌స్ట్రాంగ్ సంతకాలకూ ఇదే సూత్రం. ఫలానావారికి అని రాసినవి, పేరులేనివాటికంటె బాగా చవక. కాని కొంచెం ఆలోచించండి. గుట్టలకొద్దీ ఫొటోలకు సంతకం పెట్టే యంత్రం ఆత్మకూరు మాస్టారి పేరు తెలుసుకుని రాయదు. దొంగ సంతకం పెట్టేవాడు, ధర తగ్గుతుందని తెలిసి, పేరు రాయడానికి ఇష్టపడడు. కనుక ధరను తగ్గించే ఆ పేరే సంతకం నిజమైనదనడానికి మంచి సాక్ష్యం.

ఇంట్లోవాళ్ళకోసం పెట్టిన సంతకాలు

తమ్ముడి ఆశను నేను తప్పుపట్టను. ఇంటి అవసరానికి సంతకాన్ని అమ్ముకోవచ్చునన్న ఆలోచన ఆ వ్యోమగాములకే వచ్చింది. చంద్రుడిమీదికి వెళ్ళేవారికి తగినంత జీవితభీమా చేయించుకోవడం గగనమైంది. అందుకని అపోలో-11 వారు బయలుదేరేముందు వందలాది తపాలా కవర్లమీద సంతకాలు పెట్టి, నమ్మకమైన మిత్రుడికి అప్పగించారు. ముఖ్యమైన రోజుల్లో వాటిమీద తపాలా ముద్ర వేయించి ఇళ్ళకు చేర్చే ఏర్పాటు. తాము తిరిగిరాకపోతే భార్యాపిల్లలు వాటిని అమ్ముకుని బతకాలని. దైవకృప, ముగ్గురూ తిరిగివచ్చారు. సేకరణకర్తలు వాటిని భీమా కవర్లు అంటారు. నేటికీ వాటికి మంచి ధర పలుకుతుంది.

అదే ఆశ శ్రుతి మించితే ఏమవుతుందో కూడా చూశాం. 1971లో అపోలో-15 వారు అనుమతి లేకుండా దాదాపు నాలుగువందల కవర్లు చంద్రుడిదాకా మోసుకువెళ్ళారు. అందులో వంద ఒక జర్మన్ తపాలాబిళ్ళల వర్తకుడికి చేరాయి. మరుసటి ఏడు సంగతి బయటపడింది. ఆ ముగ్గురూ మళ్ళీ అంతరిక్షానికి వెళ్ళలేదు.

మీ ట్రంకుపెట్టెలు తెరవండి

యూరీ గగారిన్ 1961 చివరలో మన దేశానికి వచ్చినప్పుడు హైదరాబాదు కూడా వచ్చాడు. అప్పుడు ఆయన చేత సంతకం పెట్టించుకున్న పెద్దలు మీ ఇంట్లో ఉండి ఉండవచ్చు. 1968లోనే విమానప్రమాదంలో పోయాడు కనుక ఆయన సంతకానికి విలువ ఎక్కువ. రష్యా లిపిలో ఉంటుంది. కాని పత్రికల్లోనుంచి కత్తిరించిన బొమ్మలమీదా, అచ్చుకార్డులమీదా కనిపించే సంతకాలు ముద్రించినవి కావచ్చు. ముందు భూతద్దం తీయండి.

ఫొటో వెంట వచ్చిన కవరు, ఉత్తరం పారవెయ్యకండి. మా కవరు ఫొటో హూస్టన్ నుంచే వచ్చిందని చెబుతుంది. సంతకం ఎవరు పెట్టారో చెప్పదు. అయినా దాఖలా దాఖలాయే. ఎండ తగిలేచోట తగిలించవద్దు, సిరా వెలిసిపోతుంది. వానాకాలం తేమకు ఫొటో అద్దానికి అతుక్కుంటుంది, మధ్య అట్ట చట్రం పెట్టించండి. ప్లాస్టిక్ పొర ఎన్నడూ వేయించవద్దు.

ఇప్పుడు మనవాళ్ళే అంతరిక్షానికి వెళుతున్నారు. 2021లో శిరీష బండ్ల, అదే ఏడు హైదరాబాదునుంచి వెళ్ళిన తండ్రికి అమెరికాలో పుట్టిన రాజా చారి, 2024లో విజయవాడ గోపీచంద్ తోటకూర, 2025లో శుభాంశు శుక్లా. పిల్లలు వారితో సెల్ఫీ అడుగుతారు. సంతకం కూడా అడగమనండి. పేరు రాయించుకోమనండి. ధర తగ్గితే తగ్గుతుంది.

చేను చెరి సగమే రాయించుకున్నాం. తమ్ముడు తన వాటామీద బాంకులో అప్పు తీసుకున్నాడు, తక్కువైంది నేను సర్దాను. పాప చదువు సాగింది. శర్మ ఫొటో వాడింట్లో ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటో పాతచోటనే, మా నడవలోనే ఉంది. మళ్ళీ చట్రం కట్టించేముందు దాని వెనక అట్టమీద తారీఖు వేసి, "ఈ సంతకం యంత్రం పెట్టింది, తెప్పించింది మాత్రం మీ తాత" అని రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. రేపు మా పిల్లలు పంపకాలకు కూర్చున్నప్పుడు కిటికీ దగ్గరికి పోవలసిన పని ఉండకూడదు.